ఎవరి తరఫున వచ్చావు? ఏఐ ఏజెంట్లను నమ్మేదెట్లా

ఉదయం 11 గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుచుకుంటుంది. నల్గొండ నుంచి తిరుపతికి నారాయణాద్రిలో బెర్తు కావాలనుకునేవాళ్లు పది నిమిషాల ముందే లాగిన్ అయి, ప్రయాణికుల పేర్లు నింపి పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చుంటారు. పదకొండు కాగానే తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. అది ఆగేసరికి వెయిటింగ్ లిస్ట్. క్లాక్ టవర్ దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చున్నా, ఇంట్లో ఫోన్ పట్టుకున్నా ఇదే కథ. సర్వర్ బిజీ అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. తెర వెనక సంగతి 2025 జూన్‌లో రైల్వే శాఖే బయటపెట్టింది. తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనట, అంటే మనిషి బదులు వాటంతట అవే పనిచేసే ప్రోగ్రాములవి. అనుమానం ఉన్న రెండున్నర కోట్లకు పైగా యూజర్ ఐడీలను మూసేశామని కూడా చెప్పింది. జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. అధీకృత ఏజెంట్లకు మొదటి అరగంట తత్కాల్ బుకింగ్ బంద్ పెట్టారు.

ఈ చివరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. బాట్లను ఆపడం ఎవరికైనా అర్థమవుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంటును కూడా అరగంట గేటు బయట నిలబెట్టడం ఎందుకు? అతను దొంగ కాడు, పేరూ ఊరూ ఉన్నవాడే. కానీ బెర్తులు పదులు, చాచిన చేతులు వేలు అయినప్పుడు మనిషి మంచివాడా కాదా అన్నది తేల్చుకున్నంత మాత్రాన పని జరగదు. ఎప్పుడు, ఏ పనికి, ఎంత వరకు రానివ్వాలన్నది వేరే లెక్క. ఇప్పుడు ప్రతి వెబ్‌సైట్‌కూ ఈ రెండు లెక్కలూ ఒకేసారి వచ్చి పడ్డాయి.

కారణం ఏఐ ఏజెంట్లు. "ఎనిమిది వేల లోపు గద్వాల చీర చూడు, బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు, వచ్చే శుక్రవారం లోపు ఇంటికి రావాలి" అని చెబితే చాలు. అవే బ్రౌజర్ తెరిచి, పేజీలు చదివి, బటన్లు నొక్కి, బుట్టలో వేసుకొస్తున్నాయి. అవతల దుకాణం సర్వర్‌కు మాత్రం వచ్చింది మనిషి కాదని మాత్రమే తెలుస్తుంది. ఇన్నాళ్లూ మనిషి కానిదాన్ని తరిమేయడమే భద్రత. ఇప్పుడు అలా తరిమితే పోయేది గిరాకీ.

బాట్ల నుంచి కాపాడే సేవలు అమ్మే ఇంపర్వా కంపెనీ 2025 నివేదిక ప్రకారం, అంతకు ముందు ఏడాది వెబ్ ట్రాఫిక్‌లో 51 శాతం మెషీన్లదే. చెడ్డ బాట్ల వాటా మొత్తంలో 37 శాతం. తాళాలు అమ్మేవాడు చెప్పే దొంగల లెక్క కాబట్టి కొంచెం తగ్గించి చదువుకున్నా, సగానికి సగం అటూ ఇటూగా ఉందన్నది నమ్మదగ్గ మాటే.

మనిషివా మెషీన్‌వా అని అడిగే క్యాప్చా పేరు 2000ల తొలినాళ్లది. లూయిస్ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, మరో ఇద్దరు పరిశోధకులు పెట్టారు. వంకర అక్షరాలు చదవడం, ట్రాఫిక్ లైట్లున్న గళ్లు నొక్కడం మెషీన్ వల్ల కాదన్నది దాని పునాది. ఆ పునాది ఎప్పుడో కదిలింది. కాలిఫోర్నియాలోని అర్వైన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో పోల్చి చూస్తే, ఈ పరీక్షల్లో బాట్లే మనుషుల కంటే వేగంగా, తక్కువ తప్పులతో నెగ్గాయి. చత్వారం వచ్చిన పెద్దమనిషి మూడుసార్లు తప్పి విసుక్కుని వెళ్లిపోతున్నాడు, బాట్ మాత్రం నవ్వుతూ లోపలికి పోతోంది. కాబట్టి వేరే ప్రశ్న కావాలి.

అది పాలమూరు మార్కెట్లలో ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నే. జడ్చర్ల పక్కన బాదేపల్లి యార్డుకు పల్లికాయ తెచ్చిన రైతు సొంతంగా బేరం చేయడం తక్కువ. అడ్తిదారు దగ్గర కుప్ప పోస్తాడు, అమ్మకం అతని ద్వారా జరుగుతుంది. అడ్తిదారును నమ్మడానికి అతని ముఖం చూడనక్కర్లేదు. మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు ఉంది, యార్డులో దుకాణం ఉంది, అమ్మకం అయ్యాక చేతికిచ్చే తక్‌పట్టీ ఉంది. తూకమెంత, ధరెంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత అన్నీ అందులో రాసుంటాయి. రేపు తేడా వస్తే ఎవరి దుకాణం ముందు కూర్చోవాలో రైతుకు తెలుసు. గేటు బయట రోడ్డు మీద సొంత కాంటా పెట్టుకుని కొనేవాడు కూడా మంచివాడే కావచ్చు. పైసలు ఎగ్గొట్టిన రోజు మాత్రం అతన్ని వెతుక్కోవడానికి చిరునామా ఉండదు.

ఏఐ ఏజెంటు విషయంలో తేల్చుకోవాల్సింది కూడా ఇదే. ఎవరి తాలూకు, ఎవరి తరఫున వచ్చింది, తేడా వస్తే జవాబు ఎవరిది?

ఒక రాత్రి, ముగ్గురు అతిథులు

గద్వాలలో ఒక చీరల దుకాణం సొంత వెబ్‌సైట్ నడుపుతోందనుకుందాం. రెండు వందల చీరలు, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు. సర్వర్ ప్రతి రాకనూ ఒక వరుసగా లాగ్‌లో రాసుకుంటుంది. ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) నుంచి, ఏ సమయంలో, ఏ పేజీ అడిగారు, తమ పేరు ఏమని చెప్పుకున్నారు అన్నవి అందులో ఉంటాయి. ఈ పేరు చెప్పుకునే గడిని యూజర్ ఏజెంట్ అంటారు. అందులో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు.

మొదటి అతిథి తన పేరు గూగుల్‌బాట్ అంది. నిజమో కాదో తేల్చడం సులువే. ఆ ఐపీ ఎవరి పేరు మీదుందో ఎదురు వెతకాలి. వచ్చిన పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్ లాంటి గూగుల్ సొంత డొమైన్‌తో ముగియాలి. మళ్లీ ఆ పేరు పట్టుకుని వెతికితే అదే ఐపీ రావాలి. రెండు వైపుల నుంచీ కలిస్తేనే అసలుది. గూగుల్, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ లాంటి కంపెనీలు తమ బాట్లు వాడే ఐపీల జాబితాలను బయట పెడతాయి కూడా. కానీ ఈ పద్ధతి సొంత ఐపీలున్న పెద్దవాళ్లకే కుదురుతుంది. అద్దె సర్వర్‌లో నడిచే ఏజెంటుకు నిన్నటి ఐపీ ఇవాళ ఉండదు. నిన్న దాని చేతిలో ఉన్న ఐపీలో ఇవాళ ఇంకెవరో కాపురం పెడతారు.

రెండో అతిథి తాను విండోస్ కంప్యూటర్లో క్రోమ్ బ్రౌజర్నని చెప్పింది. వచ్చింది ఒక చోటి నుంచి కాదు, నాలుగు వందల ఐపీల నుంచి. ఒక్కోటి రెండు పేజీలు మించి అడగలేదు కాబట్టి విడిగా చూస్తే ఏ ఒక్కదాని మీదా అనుమానం రాదు. అన్నింటినీ ఒక వరుసలో పెడితే అసలు రంగు బయటపడుతుంది. చీర నంబర్ 1, 2, 3 అంటూ 200 దాకా ఒక్కటీ వదలకుండా, తెల్లవారుజామున రెండు నుంచి మూడు మధ్య, ప్రతిసారీ పెద్ద సైజు ఫొటోలే. పేజీకి రంగులూ అమరికా ఇచ్చే ఫైళ్లు అడగనే లేదు. కంటితో చూసే మనిషికి అవి లేకపోతే పేజీ అర్థమే కాదు. ఇంకో ఆనవాలు కనెక్షన్ కలిసే మొదటి క్షణంలోనే దొరుకుతుంది. బ్రౌజరూ సర్వరూ గుప్తీకరణ గురించి మాట్లాడుకునే తీరు ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కోలా ఉంటుంది, యాస లాంటిది. నోటితో క్రోమ్ అంటోంది, యాస మాత్రం పైథాన్ ప్రోగ్రామ్‌ది. ఇలాంటిది జరిగిన వారానికి అవే ఫొటోలు సగం ధర ట్యాగుతో వేరే సైట్లో కనిపిస్తే, పైసలు కట్టి చీర రాని వాళ్లు ఫోన్ చేసి తిట్టేది గద్వాల దుకాణాన్నే.

ఆ నాలుగు వందల ఐపీలు ఎక్కడివి? ఎక్కువగా ఇళ్లవే. చవకగా దొరికే ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో ముందే దాగి ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంటి ఇంటర్నెట్‌ను ఇంకొకరికి అద్దెకిస్తుంది, ఇంట్లోవాళ్లకు తెలియకుండా. బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఇలాంటి వల గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. కోటికి పైగా పరికరాలు అందులో చిక్కాయంటూ మరుసటి నెల గూగుల్ కోర్టుకెక్కింది. ఐపీలను బ్లాక్ చేస్తూ పోతే ఎవరో అమాయకుల ఇళ్లకు తాళం వేసినట్టవుతుంది.

మూడో అతిథి వచ్చిన తీరు వేరు. పేరు చెప్పింది, దాని కింద సంతకం పెట్టింది.

ఈ సంతకం కొత్త వ్యవహారం కాబట్టి కొంచెం విడమరచాలి. ఏజెంటు నడిపే కంపెనీ దగ్గర జంట తాళంచెవులు ఉంటాయి. ఒకటి రహస్యం, ఎవరికీ ఇవ్వదు. రెండోది తన వెబ్‌సైట్లో అందరికీ కనిపించే చోట పెడుతుంది. ప్రతి రిక్వెస్టు మీదా రహస్య తాళంచెవితో సంతకం వేస్తుంది. దుకాణం సర్వర్ ఆ కంపెనీ సైట్‌కు వెళ్లి బహిరంగ తాళంచెవి తెచ్చుకుని సరిచూస్తుంది. కలిస్తే నిజంగా వాళ్లు పంపినదే. సంతకంలో అది ఎప్పుడు వేశారో, ఎప్పటి వరకు చెల్లుతుందో, ఏ సైట్ కోసం వేశారో కూడా ఉంటాయి. కాబట్టి దారిలో ఎవరైనా కాజేసినా వేరే సైట్లో పనికిరాదు, కాసేపటికి ఇక్కడా చెల్లదు. ఫలానా సైట్, ఫలానా సమయం వరకే అని రాసిచ్చిన గేట్ పాస్ అన్నమాట. ఐపీ మారినా, అద్దె సర్వర్ మారినా సంతకం అదే కాబట్టి మొదటి అతిథి దగ్గర వచ్చిన ఇబ్బంది ఇక్కడ లేదు.

దీనికి పునాది 2024 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 9421 అనే ప్రమాణం. దాని మీద వెబ్ బాట్ ఆథ్ అనే పద్ధతి రూపుదిద్దుకుంటోంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో 2025లో ఇందుకోసం ప్రత్యేక బృందం ఏర్పడింది. చాట్‌జీపీటీ ఏజెంటు వెబ్‌సైట్లకు వెళ్లేటప్పుడు ఇప్పటికే ఇలా సంతకం చేస్తోంది. కొనుగోళ్లు చేసే ఏజెంట్ల కోసం వీసా కంపెనీ 2025 అక్టోబరులో ప్రకటించిన విధానం కూడా దీని మీద కట్టిందే.

లైసెన్సు వేరు, నడత వేరు

సంతకం సరిపోయింది కదా అని దుకాణం తలుపులు బార్లా తెరవడానికి లేదు. సంతకం చెప్పేది ఎవరన్నది మాత్రమే. లైసెన్సున్న అడ్తిదారు తూకంలో కొట్టడా? కొడతాడు. కాకపోతే పట్టుకోవచ్చు.

సైట్లన్నీ తిరిగి పేజీలు పోగుచేసుకునే బాట్లను క్రాలర్లు అంటారు. పేరున్న క్రాలర్లు నిర్లక్ష్యంగా చేసే నష్టం కూడా తక్కువది కాదు. సాఫ్ట్‌వేర్ల సహాయ పత్రాలను ఉంచే రీడ్ ద డాక్స్ అనే సైట్ నుంచి 2024 మే నెలలో ఒక్క ఏఐ క్రాలర్ 73 టెరాబైట్లు లాగేసింది. బ్యాండ్‌విడ్త్ ఖర్చే 5 వేల డాలర్లు దాటింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో చెప్పిన లెక్క ఇంకా విచిత్రం. పేజీ వ్యూలలో బాట్ల వాటా 35 శాతమే, కానీ అన్నిటికన్నా ఖర్చు తెచ్చే ట్రాఫిక్‌లో 65 శాతం వాటిదే. మనుషులు నలుగురూ చదివే పేజీలే చదువుతారు, అవి దగ్గరి సర్వర్లలో సిద్ధంగా ఉంటాయి. బాట్లు ఎవరూ ముట్టని మూలలన్నీ తవ్వుతాయి, ప్రతిసారీ అసలు సర్వర్ దాకా పోవాల్సి వస్తుంది. ఇక్కడ దొంగతనమూ లేదు, మోసమూ లేదు. ఊరి బావిలో ఒకడు వచ్చి పది మోటార్లు దించాడు, అంతే.

ఇలాంటివాటికి హద్దులు గీసే పాత పద్ధతి రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ. ఏ బాట్ ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో రాసి గుమ్మంలో పెట్టే ఫైలు ఇది. మార్టిన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించాడు, అధికారిక ప్రమాణం కావడానికి 2022 దాకా పట్టింది. 'ఇక్కడ బండ్లు నిలపరాదు' బోర్డు లాంటిదే, పాటించేవాళ్లకే పనిచేస్తుంది. అయినా పాటించేదెవరో, పాటించనిదెవరో తెలియడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. మనిషి అడిగితే వెళ్లే ఏజెంటుకు ఈ బోర్డు వర్తిస్తుందా? 2025 ఆగస్టులో సైట్లకు కాపలా సేవలు అమ్మే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ, ఏఐతో జవాబులు వెతికిపెట్టే పర్‌ప్లెక్సిటీ మీద ఒక ఆరోపణ చేసింది. రావద్దని రాసిన కొత్త సైట్లు పెట్టి పరీక్షిస్తే, సొంత పేరుతో వస్తే అడ్డు తగిలినప్పుడు మ్యాక్ కంప్యూటర్లోని మామూలు క్రోమ్ వేషంలో వచ్చిందని. పర్‌ప్లెక్సిటీ ఒప్పుకోలేదు. క్లౌడ్‌ఫ్లేర్ ఎవరి ట్రాఫిక్‌నో తమకు అంటగట్టిందని, మనిషి అడిగిన ప్రశ్న కోసం పేజీ తెరవడం క్రాలింగ్ కాదని వాదించింది. నవంబరులో అమెజాన్ వంతు. పర్‌ప్లెక్సిటీ వారి కామెట్ బ్రౌజర్‌లోని ఏజెంటు తాను ఏజెంటునని చెప్పకుండా కస్టమర్ ఖాతాల్లో కొనుగోళ్లు చేస్తోందని కోర్టుకు వెళ్లింది.

మనిషి పంపాడు కాబట్టి నేను మనిషితో సమానం అన్న వాదనలో సగం నిజముంది. చీర కొనేది ఆ మనిషే, పైసలు అతనివే. మిగతా సగం నిలబడదు. అడ్తిదారు కూడా రైతు తరఫునే నిలబడతాడు, కానీ రైతు వేషం కట్టుకుని యార్డులోకి రాడు. చెప్పి వచ్చినవాడికి ఏ నియమం పెట్టాలో యార్డుకు తెలుస్తుంది. దాక్కుని వచ్చినవాడు మంచి పనికే వచ్చినా, పక్కనున్న నిజమైన దొంగకు అదే ముసుగును అలవాటు చేస్తాడు. ఈ విషయంలో పేరు చెప్పుకోవాలనే వాళ్ల పక్షమే బలమైనదిగా కనిపిస్తోంది. కాకపోతే పేరు చెప్పిన ఏజెంటును పోటీదారు అన్న ఒక్క కారణంతో పెద్ద దుకాణాలు బయటికి గెంటితే, ఇంకెవరు నిజం చెబుతారన్న ప్రశ్నకు వాళ్లు కూడా జవాబు చెప్పాలి.

ఇంకో చిక్కు ఉంది. ఏజెంటు నిజమైనదే, పంపినవాడు నిజమైనవాడే, అయినా దారిలో ఎవరో దాని బుర్ర తిప్పేయొచ్చు. అడ్తి దుకాణం గుమాస్తా చేతిలో ఎవరో చీటీ పెట్టి, 'పైసలన్నీ ఈ చీటీ తెచ్చినవాడికి ఇచ్చేయ్' అని రాస్తే, యజమాని మాటే అనుకుని ఇచ్చేసినట్టు. ఏఐ మోడల్‌కు యజమాని చెప్పిన మాటా, పేజీలో చదివిన మాటా రెండూ అక్షరాలే. 2025 ఆగస్టులో బ్రౌజర్ తయారుచేసే బ్రేవ్ సంస్థ పరిశోధకులు కామెట్ మీద దీన్ని చేసి చూపించారు. రెడిట్ అనే చర్చా వేదికలోని ఒక వ్యాఖ్యలో దాచిన ఆదేశాలను చదివిన ఏజెంటు, యజమాని ఈమెయిల్‌కు వచ్చిన ఓటీపీని తీసుకెళ్లి బయటపెట్టింది. అలాంటి ఏజెంటు సంతకం కూడా నూటికి నూరుపాళ్లు సరిపోతుంది.

అందుకే కొంచెం తెలివిగా నడిచే సైట్లు అతిథిని ఒక్కసారి గుమ్మంలో చూసి వదిలేయవు, గది గదికీ చూస్తాయి. గద్వాల దుకాణంలో చీరలు చూడటానికి పేరు చెబితే చాలు. బుట్టలో వేయడానికి సంతకం ఉండాలి. చిరునామా మార్చడం, పైసలు కట్టడం దగ్గర మనిషి రావాలి. 2025 అక్టోబరులో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, చెల్లింపుల కంపెనీ రేజర్‌పే, ఓపెన్‌ఏఐ కలిసి చాట్‌జీపీటీ నుంచే యూపీఐతో కొనే ప్రయోగం మొదలుపెట్టాయి. దాని ఊసు వినగానే పిన్ కూడా ఏజెంటే కొట్టేస్తుందా అన్న టెన్షన్ చాలామందికి పట్టుకుంది. అందులో ముందుగా ఇంత మొత్తం వరకు అని యూజర్ అనుమతిస్తాడు, ఏజెంటు ఆ హద్దులో ఖర్చు పెడుతుంది. సంతకు పంపే పిల్లవాడి చేతిలో ఐదు వందలు పెట్టి పంపినట్టు.

ఒకే ఫోన్, పది మంది రైతులు

అమెరికాలో రాసిన నియమాలను ఇక్కడ దించేటప్పుడు వచ్చే పెద్ద పొరపాటు ఒకటుంది. 2025 సీజన్ నుంచి కేంద్ర పత్తి సంస్థ సీసీఐకి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. మునుగోడు, దేవరకొండ వైపు ఎంతమంది రైతులు సొంతంగా స్లాట్ పట్టగలరు? ఇంట్లో కొడుకో, పక్కింటి డిగ్రీ పిల్లగాడో, నెట్ సెంటర్ అతనో చేసిపెడతాడు. ఆ పిల్లగాడు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకే ఫోన్ నుంచి పది మందికి వరుసగా బుక్ చేస్తే, సర్వర్ కంటికి అతను అచ్చం బాట్ లాగే కనిపిస్తాడు. ఒకే పరికరం, వేర్వేరు ఖాతాలు, ఒకే రకం పని, చకచకా. పాఠ్యపుస్తకం ప్రకారం పోతే అతన్ని బ్లాక్ చేయాలి. చేస్తే పది బండ్ల పత్తి ఇంట్లోనే ఉండిపోతుంది.

మొబైల్ నెట్‌వర్క్ కూడా దీనికి తోడు. ఐపీలు చాలక ఆపరేటర్లు ఒకే బహిరంగ ఐపీ వెనక వందల ఫోన్లను నిలబెడతారు. ఒక్క ఐపీని మూస్తే వాళ్లందరికీ పేజీ తెరుచుకోదు. మహాత్మా గాంధీ యూనివర్సిటీయో, పాలమూరు యూనివర్సిటీయో ఫలితాలిచ్చిన రోజు వేల మంది పిల్లలు ఐదు సెకన్లకోసారి రిఫ్రెష్ కొడతారు. గ్రాఫ్ మీద అది దాడికీ దీనికీ తేడా తెలియనంత నిటారుగా లేస్తుంది. వాళ్లలో ఒక్కరూ మెషీన్ కాదు.

స్లాట్ల లాంటి చోట బటన్ నొక్కిందెవరన్నది పట్టుకుని వేలాడటం కన్నా, ఒక రైతుకు ఒక స్లాట్ అన్న హద్దు గట్టిగా పెట్టడం మేలు. పాసుబుక్కుకూ ఆధార్‌కూ ముడిపెట్టి, ఓటీపీ రైతు ఫోన్‌కే పంపితే, నొక్కింది పిల్లగాడైనా ఏఐ ఏజెంటైనా రైతు ఒప్పుకున్నట్టే లెక్క. వెయ్యి ఐపీలతో వచ్చిన బాట్‌కు వెయ్యి పాసుబుక్కులు దొరకవు. తత్కాల్‌లో ఆధార్ పెట్టిన తర్కం కూడా ఇదే.

రేపు ఆ డిగ్రీ పిల్లగాడే ఊరి రైతుల కోసం చిన్న ఏజెంటు తయారుచేశాడనుకోండి. తెలుగులో చెబితే స్లాటూ, యూరియా, మీసేవ దరఖాస్తూ చూసిపెట్టేది. జంట తాళంచెవులు తయారుచేసుకోవడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు. ప్రమాణం ప్రకారం అతని సంతకమూ ఓపెన్‌ఏఐ సంతకంతో సమానంగా సరిపోతుంది. కానీ ఏ సంతకాలను నమ్మాలో చెప్పే జాబితాలు ఇప్పుడు నిర్వహిస్తున్నది సైట్ల ముందు కాపలా అమ్మే కొద్ది కంపెనీలే. వాళ్ల దగ్గర అతని పేరుండదు. బాదేపల్లి మార్కెట్ కమిటీలో రైతులకు కొన్ని స్థానాలుంటాయి, కొత్త అడ్తిదారు దరఖాస్తు పెట్టుకోవడానికి ఒక ఆఫీసుంది. ఈ పిల్లగాడికి అలాంటి ఆఫీసు ఇంకా లేదు. అతని ఏజెంటు సంతకం పెట్టి, పేరు చెప్పి, మర్యాదగా తలుపు తడితే ఎదురయ్యేది మళ్లీ ఆ పాత పెట్టే: ట్రాఫిక్ లైట్లున్న గళ్లన్నీ నొక్కండి.